ఆయన కొలవని కంచె

పోయినవాళ్ళ గురించి నాలుగు మంచి మాటలు రాయాలంటారు. ఈయన గురించి మంచి రాయాలంటే నా గురించి చెడ్డ రాయక తప్పదు. ఈ పరాయి దేశంలో మా హారిస్‌డేల్ పేట తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో "సుబేదార్ అంకుల్ ఈ ఉదయం కన్నుమూశారు, రేపు మధ్యాహ్నం నమాజు తర్వాత ఖననం" అని మెసేజ్ వచ్చింది. అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెడుతుంటే నేను 'గొప్ప మనిషి' అని టైపు చేసి చెరిపేశాను. మళ్ళీ టైపు చేసి మళ్ళీ చెరిపాను. మా ఆవిడ చూసి, "రెండు ముక్కలు రాయడానికి అంత ఆలోచన ఏమిటండీ?" అంది. ఆ రెండు ముక్కలు రాసే అర్హత నాకు లేదని ఆవిడతో అనలేదు.

ఆయన పేరు రాయను. ఆయన పేరుతో మాకెవరికీ ఎప్పుడూ పని పడలేదు. పిల్లలకీ పెద్దలకీ సుబేదార్ అంకులే. ఆదోని మనిషి. మన సైన్యంలో ఇంజనీర్ల దళంలో చేరి, సుబేదారుగా రిటైరై, మా పక్కపేట పియారా వాటర్స్‌లో కూతురింట్లో ఉండేవారు. వాళ్ళింటి నుంచి మా ఇంటికి ఎంత దూరమని అడిగితే, కిలోమీటర్లలో చెప్పేవారు కాదు. "పదిహేడు వందల అడుగులు సార్" అనేవారు. సైన్యంలో నేర్పిన అడుగు, ప్రతిదీ ముప్ఫై అంగుళాలే. ఆయన నడక వెనక నడిస్తే మనకి తెలియకుండానే మన నడక కూడా సర్దుకునేది.

చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట చిన్న స్టీలు టేపు ఉండేది. పార్కులో మా పిల్లలు క్రికెట్ ఆడితే పిచ్ కొలిచేది ఆయనే. ఉగాదికి షామియానా వేయాలన్నా, ఎవరింటికైనా కొత్త సోఫా వచ్చి తలుపులో పడుతుందా లేదా అని మల్లగుల్లాలు పడుతున్నా ఆయనకే ఫోను. బార్బెక్యూ రోజున పెనం మీద తన చికెన్‌కి తానే అల్యూమినియం కాగితం పరిచి, ఒక మూల వేరుగా కాల్చుకునేవారు. హలాల్ గురించి ఎవరూ ఇబ్బంది పడకూడదని అందరికంటే ముందు వచ్చి ఆ మూల పట్టేసేవారు.

మా తెలుగు సంఘం రెండు ముక్కలైంది. మనవాళ్ళు ఎక్కడున్నా అది కావలసిందే. ఇద్దరు ప్రెసిడెంట్లు, రెండు ఉగాదులు, ఒకే హాలు కోసం కొట్లాట. ఆయన ఇద్దర్నీ పార్కుకి పిలిచారు. మడత టేబులు ఒకటి వేసి, జేబులోంచి టేపు తీసి, ఈ ప్రెసిడెంటు కుర్చీ నుంచి టేబులు మధ్యదాకా కొలిచారు. తర్వాత అటు వెళ్ళి ఆ ప్రెసిడెంటు కుర్చీ నుంచి మళ్ళీ కొలిచారు. మేమంతా నవ్వాం.

"ఒకసారి కొలిస్తే చాలదా అంకుల్?" అన్నాను నేను. రోడ్ల డిజైన్లు చేసే ఆఫీసులో పని నాది, కొలతల మీదే అన్నం తింటున్నవాణ్ణి.

"కొలతకు ఒగసారి చాలు సార్. వాళ్ళ కండ్లకు చాలదు. ఈ దిక్కు నుంచి ఒగసారి, ఆ దిక్కు నుంచి ఒగసారి కొలవాల. అప్పుడే ఇద్దరూ కూర్చుంటారు" అన్నారు. వాళ్ళు కూర్చునేదాకా ఆయన కూర్చోలేదు.

ఆ విద్య ఆయనకి ఆఫ్రికాలో అబ్బింది. ఇథియోపియాకీ ఎరిత్రియాకీ యుద్ధం ఆగాక, శాంతి దళం నీలం టోపీ పెట్టుకుని ఆ సరిహద్దు మీద ఒక ఏడాది ఉన్నారు. ఆ కబుర్లు చెప్పించుకోవడం నాకు సరదా. "పెద్దోళ్ళు యాడో దూరంగా, ఏసీ రూముల్లో కూర్చోని సంతకం చేస్తారప్పా. ఆ సంతకం నేల మీదికి వచ్చేతలికి ఒగ రాయి అయితాది. ఆ రాయికి సున్నం కొట్టి నిలబెట్టేది మా పని. పొద్దున లేసి చూస్తే రాయి నాలుగు బారలు అవతల ఉంటాది" అని చెప్పి, కాస్త ఆగి, "రాయికి కాళ్ళు ఉండవు సార్. ఎవురివో అరువు తెచ్చుకుంటాది" అని కలిపేవారు. ఏ దేశం వాళ్ళు జరిపేవాళ్ళని అడిగితే మాత్రం చెప్పేవారు కాదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా, మా పెరట్లో, టీ తాగుతూ కూడా చెప్పలేదు. "రెండు దిక్కులా మంచోళ్ళు ఉండారు, రెండు దిక్కులా రాళ్ళు నడిపినోళ్ళు ఉండారు" అనేవారు, అంతే.

ఒక్క సంగతి మాత్రం నవ్వకుండా చెప్పారు. ఒక పల్లెకి ఉన్న ఒకే ఒక్క బావి, గీత గీశాక అవతలి వైపు పడింది. అవతలి మేజరు, "ఆడవాళ్ళు పొద్దున పూట వచ్చి నీళ్ళు పట్టుకోవచ్చు, మా వాళ్ళు అడ్డుపెట్టరు" అని ఈయనకి మాట ఇచ్చాడు. ఈయన ఆ మాట తీసుకెళ్ళి పల్లె పెద్దకి చెప్పారు. నాలుగు రోజులు సాగింది. అయిదో రోజు నీళ్ళ డబ్బాలు విరగ్గొట్టి, ఆడవాళ్ళని తరిమేశారు.

"ఆ ముసలాయన నన్ను ఒగ మాట కూడా అనలేదు సార్. వచ్చి నా చెయ్యి పట్టుకోని మొగం లోకి చూసినాడు. 'నువ్వు చెప్పినావు కదా' అన్నట్ల. మేజరు మొగం ఆయన ఎన్నడూ చూడలేదు. ఆయనకు తెలిసింది నా మొగమే. మాట ఎవురిదైనా గానీ, మోసుకొచ్చినోడిదే అయితాది. ఆ పొద్దు నుంచి నేను కొలవంది మొయ్యను."

ఇది ఆయన నాకు చెప్పింది నా కంచె గొడవకి రెండు నెలల ముందు. కాబట్టి నాకు తెలియదని చెప్పుకోవడానికి కూడా లేదు.

ఆ జూలైలో గాలివానకి మా తూర్పు వైపు కంచె, రేకుల కంచె, సగం దాకా పడిపోయింది. తూర్పు పక్కిల్లు తెస్ఫాయ్‌ది. ఎరిత్రియా వాడు. చిన్నప్పుడు తల్లి చెయ్యి పట్టుకుని సరిహద్దు దాటి, శిబిరాల్లో పెరిగి, ఇక్కడికి చేరాడు. రెండు వారాలు ఉత్తరాన గనుల్లో పని, ఒక వారం ఇల్లు. నేను ఫోను చేస్తే, "నేను సైట్‌లో ఉన్నా బ్రదర్, నువ్వే చూసుకో. పాత లైన్ మీదే కదా, నేను చూడాల్సింది ఏముంది" అన్నాడు.

అదే రోజుల్లో నా ప్రమోషను రెండో ఏడు కూడా తప్పిపోయింది. మా ఆవిడ వాళ్ళ అన్నయ్య విజయవాడ నుంచి ఒక వాస్తు సిద్ధాంతి గారిని వీడియో కాల్‌లో కలిపాడు. ఇంటి ప్లాను చూసి ఆయన, "మీకు ఈశాన్యం కుంచించుకుపోయిందండీ, ఒక్క జానెడు పెంచితే చాలు" అన్నారు. భూమధ్యరేఖకి దక్షిణాన ఉన్నాం, ఇక్కడ సూర్యుడు ఉత్తరం మీదుగా పోతాడు కదండీ, ఈ దేశంలో కూడా ఈశాన్యమేనా అని నేను తెలివిగా అడిగాను. "ఉదయించేది తూర్పునే కదా నాయనా" అన్నారు ఆయన. ఇంజనీరు లేచి టేపు వెతుక్కున్నాడు.

కంచె వేసేవాళ్ళు వచ్చిన రోజున దారం నేనే కట్టాను. వీధి వైపు పాత గుంట దగ్గరే మొదలుపెట్టి, వెనక ఉత్తరం మూలకి వచ్చేసరికి జానెడు తెస్ఫాయ్ వైపు జరిపాను. ఏటవాలు కాబట్టి చూసేవాళ్ళకి తెలియదు. మా అమ్మాయి వంటింటి మెట్ల మీద నిలబడి చూస్తూ, "డాడ్, దట్స్ నాట్ అవర్ ల్యాండ్" అంది. "జానెడే కదమ్మా" అన్నాను. అది లోపలికి పోయి తలుపు వేసుకుంది.

తెస్ఫాయ్ తిరిగొచ్చాక తన చెత్త డబ్బా వెనక్కి తోసుకుపోతుంటే, వెనక షెడ్డుకీ కంచెకీ మధ్య గీసుకుంది. అంతకుముందు గీసుకునేది కాదట. నెమ్మదిగానే అడిగాడు, "బ్రదర్, కంచె జరిగిందా?" అని. "అదేం లేదు" అన్నాను. మర్నాడు మళ్ళీ అడిగాడు. నేను గొంతు పెంచాను. తప్పు చేసినవాడి గొంతు అలాగే పెరుగుతుంది. వారం తిరిగేసరికి పలకరింపులు పోయాయి. వాళ్ళ పిల్లల బంతి మా వైపు పడితే అడగడం మానేశారు.

సుబేదార్ అంకుల్ అంటే తెస్ఫాయ్‌కి మా అందరికంటే ఎక్కువ గురి. పార్కులో మొదటిసారి చూసినప్పుడే ఆయన వాళ్ళ భాషలో "కెమెయ్" అని కుశలం అడిగారట. అందుకని ఆయన కలగజేసుకుంటానంటే వెంటనే ఒప్పుకున్నాడు. నాకు ఒప్పుకోక తప్పలేదు.

ఆదివారం పొద్దున వచ్చారు. ముందు మా పెరట్లోకి వచ్చి, కంచె వెంబడి ఆ చివరి దాకా నడిచి, మళ్ళీ ఈ చివరి దాకా నడిచారు. ఉత్తరం మూల దగ్గర ఆగారు. చెయ్యి జేబు మీదికి పోయింది.

"సార్, ఒగ మాట అడుగుతా, ఏమీ అనుకోవద్దు. రాయి నడిచిందా?"

"లేదంకుల్. పాత లైనే."

ఆయన తలూపారు గానీ చెయ్యి జేబు మీది నుంచి తీయలేదు. టేపు సగం పైకి వచ్చింది. అప్పుడు నేను అన్న మాట ఇది. అన్నప్పుడు ముఖం చిన్నబుచ్చుకుని మరీ అన్నాను. "అంకుల్, నా మాట మీద నమ్మకం లేదా మీకు? నన్ను కూడా కొలుస్తారా?"

మన వాళ్ళలో ఈ మాట తగలని మనిషి ఉండడు. బంధువులతో, స్నేహితులతో, ఎన్నిసార్లు వాడి ఎన్ని పనులు చేయించుకున్నామో. ఆయన నన్ను ఒక్క క్షణం చూశారు. టేపు జేబులోకి జారిపోయింది. "అంత మాట ఏంటికి సార్. మీరు చెప్పినారు, అయిపాయె" అన్నారు.

అక్కడి నుంచి తెస్ఫాయ్ ఇంటికి వెళ్ళాం. వాళ్ళావిడ కింద కూర్చుని పచ్చి కాఫీ గింజలు పెనం మీద వేయించి, ఆ పొగ మా ముఖాల దగ్గరికి తెచ్చి వాసన చూపించింది. మట్టి కూజాలో కాచి చిన్న చిన్న కప్పుల్లో పోసింది. వాళ్ళ పద్ధతిలో మూడు సార్లు తాగాలి. మూడోది తాగకుండా లేవకూడదు. "మొదటి కప్పులో ఎవురూ నిజం మాట్లాడరు సార్, అది మర్యాదకు" అని అంకుల్ నాకు తెలుగులో చెప్పారు. రెండో కప్పు దాకా వాన గురించి, గనుల్లో వేడి గురించి, పిల్లల స్కూలు గురించి మాట్లాడుకున్నాం. రెండో కప్పు ఖాళీ అయ్యాక ఆయన తెస్ఫాయ్ వైపు తిరిగి ఇంగ్లీషులో చెప్పారు. "కంచె పాత గీత మీదే ఉంది. ఇది నా మాట."

నా స్నేహితుడి మాట అని చెప్పలేదు. తన మాట అన్నారు. తెస్ఫాయ్ రెండు చేతులతో ఆయన చెయ్యి అందుకుని, "అయితే ఇక అయిపోయింది" అన్నాడు. మూడో కప్పు వచ్చింది. దాని పేరు బరకా. "మన బర్కతే సార్, దీవెన" అన్నారు అంకుల్ సంతోషంగా. ఆ దీవెన నేను చక్కెర వేసుకుని తాగాను.

ఏడెనిమిది నెలలు హాయిగా గడిచాయి. బంతులు అటూ ఇటూ పడ్డాయి. తర్వాత తెస్ఫాయ్ వెనక షెడ్డు తీసేసి వరండా కట్టుకుందామని కౌన్సిల్‌కి అర్జీ పెట్టాడు. సర్వే చేయించుకోమన్నారు. సర్వేయరు వచ్చి ఇసుకలో మేకులు దిగ్గొట్టి పోయాడు. ఉత్తరం మూల మేకు ఎక్కడ దిగిందో చెప్పనవసరం లేదు. మా పెరట్లోనే, కంచెకి జానెడు ఇవతల, ఆ మేకు నెత్తి మీది గులాబీ రంగు నాకు కనబడింది.

తెస్ఫాయ్ నాకు చెప్పలేదు. ఆయనకి ఫోను చేశాడు. ఆయన నా దగ్గరికే ముందు వచ్చారు. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"ఎంత?" అన్నారు.

"జానెడు అంకుల్."

"ఏంటికి సార్?"

ఈశాన్యం అన్నాను. సిద్ధాంతి గారన్నాను. ప్రమోషను అన్నాను. చెబుతుంటే ఒక్కో మాట నోట్లోంచి బయటికి వచ్చాక ఎంత చిన్నదో నాకే తెలుస్తోంది. ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. కోప్పడలేదు. నా వైపు చూడకుండా, "ఈశాన్యం సంగతి నాకు తెలవదు సార్" అన్నారు. తర్వాత, "మీరు రావద్దు. నేను పోయి వస్తా" అని వెళ్ళిపోయారు.

నేను వంటింటి కిటికీ తెర పక్కన నిలబడి చూశాను. ఆయనా తెస్ఫాయ్ కంచెకి అవతల, ఆ ఉత్తరం మూల దగ్గర నిలబడ్డారు. ఆయనే మాట్లాడుతున్నారు. తల వంచి మాట్లాడుతున్నారు. ఆయన తల వంచడం నేను చూడటం అదే మొదటిసారి. తర్వాత మా ఇంటికి రాకుండానే వీధిలోకి దిగి వెళ్ళిపోయారు. అప్పుడు నాకు సిగ్గు వేయలేదు. గండం గడిచిందనిపించింది. సిగ్గు పడాల్సిన వేళకి సిగ్గు రాకపోవడం కంటే సిగ్గుచేటు ఇంకోటి లేదని ఇప్పుడు తెలుస్తోంది.

సాయంత్రం తెస్ఫాయ్ కంచె దగ్గర కనబడి చెప్పాడు. "ఓల్డ్ మ్యాన్ తనే తప్పు కొలిచానన్నాడు బ్రదర్. కళ్ళు సరిగా కనబడటం లేదట. క్షమించమని అడిగాడు. ఆయన అంత అడిగాక ఇంకేముంది, కంచె అలాగే ఉండనీ. నా వరండా కాస్త ఇటు జరుపుకుంటా."

"అలాగా" అన్నాను.

ఇంతటితో ఆగినా నేను ఏదోలా బతికేసేవాణ్ణి. నెల తర్వాత పార్కులో బార్బెక్యూ. ఎవరో నన్ను, "మీ పక్కింటాయనతో కంచె గొడవేమైంది?" అని అడిగారు. చేతిలో పట్టకారు, చుట్టూ పదిమంది. "ఏముంది, మన సుబేదార్ అంకుల్ కొలత కాస్త తప్పింది. వయసు కదా" అన్నాను. తిరిగి చూస్తే ఆయన తన మూలలో కాగితం మీద చికెన్ తిప్పుతున్నారు. విన్నారు. "అవునప్పా, వయసు అయిపాయె" అని ఆయనే నవ్వారు.

ఆ మధ్యాహ్నం పిల్లలు పిచ్ కొలవమని ఆయన్ని పిలిస్తే, వెనక నుంచి ఎవరో, "అంకుల్ కొలిస్తే మీ పిచ్ పక్క పార్కులోకి పోతుందిరా" అని జోక్ చేశారు. అందరం నవ్వాం. అందరం అని ఎందుకు అనాలి, నేను కూడా నవ్వాను. ఆయన పిల్లల భుజం తట్టి, "ఫోన్లో చూసి కొలుచుకోండి నాయనా" అన్నారు. ఆ తర్వాత ఆయన జేబులో నేను టేపు చూడలేదు. మా ఇంటికి కూడా రాలేదు. ఎదురుపడితే మాత్రం ఎప్పటిలాగే ముందు ఆయనే పలకరించేవారు. "బాగుండారా సార్" అనేవారు. ఆ 'సార్' వినగానే పక్కకి తప్పుకోవాలనిపించేది. ఎన్నోసార్లు పియారా వాటర్స్ వైపు బయలుదేరి, షాపింగ్ సెంటరు దాకా పోయి, పాలు కొనుక్కుని వెనక్కి వచ్చాను. చెబుదామనే. ఏడాదిన్నర అలా పాలు కొన్నాను. మొన్న ఆ మెసేజ్ వచ్చింది.

ఖననానికి తెస్ఫాయ్ కూడా వచ్చాడు. గనుల నుంచి ఫ్లైటు మార్చుకుని వచ్చాడట. తెల్లబట్టలు వేసుకున్నాడు. అల్లుడు, మనవలు, మసీదు వాళ్ళు మట్టి వేస్తున్నారు. మేమిద్దరం వరసలో వెనక నిలబడి ఉన్నాం. అతను నా వైపు తిరగకుండా, చిన్న గొంతుతో అడిగాడు.

"బ్రదర్, ఆ రోజు ఆయన నిజంగా కొలిచాడా? నేను లాండ్రీ కిటికీలోంచి చూస్తున్నా. చెయ్యి జేబు దగ్గర ఆగింది. టేపు తీయడం నేను చూడలేదు."

అడుగుతున్నవాడికి జవాబు తెలుసు. అతనికి కావలసింది జవాబు కాదు. ఆ మనిషిని గోతిలోకి దించిన తర్వాతైనా ఆయన మీద పడ్డ తప్పు ఆయన మీద నుంచి దిగుతుందేమోనని అడిగాడు. దింపగలిగినవాణ్ణి భూమ్మీద నేనొక్కణ్ణే.

"కొలిచారు" అన్నాను.

తెస్ఫాయ్ "ఓకే" అన్నాడు. ముందుకు వెళ్ళి, వంగి, మూడు గుప్పిళ్ళు ఇసుక వేశాడు. నా వంతు వచ్చింది. నేనూ వేశాను.

తర్వాతి శనివారం మనుషుల్ని పిలిపించి కంచె విప్పించాను. సర్వే ప్రకారం ఉత్తరం మూల జానెడు వెనక్కి తెప్పించాను. గుంటలు తవ్వుతున్న చప్పుడుకి తెస్ఫాయ్ బయటికి వచ్చాడు. చూశాడు. లోపలికి వెళ్ళి పనివాళ్ళకి చల్లటి నీళ్ళ సీసాలు తెచ్చి పెట్టాడు, నాకూ ఒకటి ఇచ్చాడు. ఎందుకు జరుపుతున్నావని అడగలేదు. అడిగితే చెప్పేద్దామని సాయంత్రం దాకా అక్కడే నిలబడ్డాను.